కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే

ఫాల్గుణ శుద్ధ సప్తమి

చెమ్మపెట్టెలో నీళ్ళు పదహారు లీటర్లు. పోటు మూడింటికి. గాలి చెమ్మలోంచి ఎన్ని నీళ్ళు పట్టామో, పోటు ఎప్పుడో, రోజూ ఈ పుస్తకంలో ఇంతే రాస్తాను. ఇవాళ ఇంకొకటి రాయాలి. అక్క పడిపోయింది.

పొద్దున్న పొయ్యి దగ్గర నిలబడి నన్ను తిడుతూనే ఉంది. నాచు మడుల తాడు నిన్న నేను సరిగ్గా కట్టలేదట. అరవై ఆరేళ్ళొచ్చినా ముడి వెయ్యడం చేతకాదట. మా అక్క వరహాలమ్మకి డెబ్భై నాలుగు. ఈ పదకొండో తెప్ప మీద నాచు మడులన్నీ ఆవిడ చెప్పుచేతల్లోనే ఉంటాయి. సముద్రం మా లంకల్ని మింగేసి, మేమంతా తెప్పలెక్కి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. అప్పటినుంచీ పోటుకి ముందు మడిలో దిగని రోజు అక్కకి లేదు.

తిట్లు అయ్యాక పక్కింటి మాణిక్యమ్మగారి మాట వచ్చింది. ఆవిడ పోయి నెల నిండలేదు. తడి పలక మీద జారి నడుం విరిగితే కొడుకు అబ్బులు రోగుల్ని చూసే ఆసరా గదికి తీసుకెళ్ళాడు. నాలుగో రోజుకల్లా పోయింది.

"పుణ్యాత్మురాలే. ఒక్కరిచేత చెంబెడు నీళ్ళు పోయించుకోలేదు. నాకూ అంతే, కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే వెళ్ళిపోవాలి. ఒకరిచేత చేయించుకునే రాత రాయకూడదు భగవంతుడు," అంది అక్క, అట్టు తిరగెయ్యబోతూ.

మాట పూర్తయింది గాని అట్టు తిరగెయ్యలేదు. అట్లకాడ జారింది, దాని వెనకే మనిషీ జారింది.

మూతి ఒక పక్కకి పోయింది. కుడి చెయ్యి, కుడి కాలు తనవి కావన్నట్టు పడి ఉన్నాయి. "అక్కా" అంటే "ఆ... ఆ..." అంటుంది, అంతే. నేను అరవకముందే పొయ్యి మీది గోడకున్న, ఇంట్లో మాటలు వినే పెట్టె, శ్రోత, ఆసరాని పిలిచింది. అబ్బులు గోడ దూకి వచ్చి అక్కని మంచం మీదికి చేర్చాడు.

"కంగారు పడకండి పిన్నిగారూ. మన తెప్ప మీద మంచాన పడి తీసుకున్నవోళ్ళు ఎవరన్నా ఉన్నారాండీ? అంత మంచి తెప్పండి ఇది," అన్నాడు.

నిజమే. ఆ పేరు మాకుంది. మిగతా తెప్పలవాళ్ళు మా తెప్పకి దణ్ణం పెడతారు.

ఆసరా గది పైకప్పు పలకలు మారుస్తున్నారు కాబట్టి ఆసరానే ఇంటికి పంపారు. మనిషంత ఎత్తు యంత్రం, మెత్తటి చేతులు, ముఖం లేదు. అక్కకి తడిబట్ట పెట్టి ఒళ్ళు తుడిచి, దుప్పటి సర్ది, "కంగారు పడకండి. అంతా ఆవిడ కోరిక ప్రకారమే జరుగుతుందండి," అంది.

ఆ మాట వినగానే నాకు గుండె కుదుటపడింది. ఆరేళ్ళ కిందట మా ఆయన పేర్రాజు తుంటి విరిగి ఆసరా గదిలో ఉన్నప్పుడు కూడా రోజూ ఇదే మాట చెప్పేది. మధ్యాహ్నం పావుగంట మాత్రం చూడనిచ్చేవారు, అప్పుడు ఆయన నొప్పి మందు మత్తులో ఉండేవాడు. అంతా ఆయన కోరిక ప్రకారమే అంటే, మహారాజులా చూసుకుంటున్నారు కాబోలు అనుకుని ఇంటికొచ్చి నిద్రపోయేదాన్ని.

ఫాల్గుణ శుద్ధ అష్టమి

పన్నెండు లీటర్లు. గిన్నె సరిగా పెట్టకపోవడంతో మిగతాది ఒలికిపోయింది.

తెల్లారి లేచేసరికి ఆసరా నిన్న నిలబడ్డ చోటే నిలబడి ఉంది. అక్కని నిన్న ఎటు తిప్పి పడుకోబెట్టిందో అక్క అటే ఉంది. దుప్పటి తడిసి ముద్దయింది.

"పక్క మార్చవేం?" అన్నాను.

"ఆవిడ కోరిక ప్రకారమేనండి."

"గంజి పట్టవా?"

"ఆవిడ కోరిక ప్రకారమేనండి."

లంఖణం పెట్టమన్నారు కాబోలు అనుకున్నాను. నా బుద్ధికి అంతకంటే తోచలేదు. తొమ్మిదింటిదాకా ఓపిక పట్టి, ఇక లాభం లేదని నేనే దుప్పటి మార్చాను. అక్కని ఒక పక్కకి తిప్పేసరికి నా నడుం పట్టేసింది. పలచగా గంజి కాచి చెంచాతో పోశాను. రెండో చెంచాకే పొలమారింది. ముఖం నల్లబడింది, కళ్ళు తేలేసింది. అప్పుడు కదిలింది ఆసరా. ఒక్క క్షణంలో గొంతులో అడ్డం పడ్డది లాగేసి, మళ్ళీ వెళ్ళి దాని చోట నిలబడింది.

"చూశావా, నేను గంజి పోస్తే పోయేలా ఉంది. నీ దగ్గర గొట్టం ఉందిగా, దాంతో పట్టు."

"ఉందండి. ఆవిడకి ఇష్టం లేదండి."

"ఇష్టం లేదని నీకెవరు చెప్పారు?"

"ఆవిడేనండి. తొమ్మిదేళ్ళలో రెండు వేల మూడు వందల పదహారు సార్లు చెప్పారు. ఆఖరిసారి నిన్న ఉదయం ఏడు గంటల పది నిమిషాలకి చెప్పారు. ఊపిరి ఆడకపోతే బాధ తగ్గిస్తానండి. తిండీ నీళ్ళూ పట్టడం, పక్క మార్చడం, కాళ్ళకీ చేతులకీ కసరత్తు, ఒడ్డుకి తరలించడం, ఇవి చెయ్యనండి. వినిపించమంటారా?"

నేను వద్దనేలోపే గోడ మీంచి అక్క గొంతు వచ్చింది. కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే వెళ్ళిపోవాలి, ఒకరిచేత చేయించుకునే రాత రాయకూడదు భగవంతుడు. వెనకాల అట్టు చుయ్యిమనడం కూడా వినిపించింది.

నేను పీట మీద కూలబడిపోయాను. ఆ మాట అనని మనిషి ఈ తెప్ప మీద ఉన్నారా? కూరలో ఉప్పు ఎక్కువైందన్నంత మామూలుగా అంటాం ఆ మాట. దాన్ని పట్టుకుని తిండి మానేస్తారా? మంచం మీద అక్క వింటోంది. మాట పోయింది గాని తెలివి ఎక్కడికీ పోలేదు. తన గొంతు తాను విని, ఎడం కంట్లోంచి నీళ్ళు కారుస్తోంది.

ఫాల్గుణ శుద్ధ నవమి

నీళ్ళు చూడలేదు.

అబ్బులు భార్యని అక్క దగ్గర కూర్చోబెట్టి తెప్ప కార్యాలయానికి వెళ్ళాను. ఆసరాల పని చూసే నీలవేణి ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న పిల్లే. ఇప్పుడు ముప్ఫై అయిదేళ్ళుంటాయి. నన్ను చూడగానే కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు.

"నీ ఆసరా పిచ్చిదైపోయింది. మా అక్క ఊరికే అన్న మాటని పట్టుకుని తిండి పెట్టడం లేదు," అన్నాను.

"ఊరికే అన్న మాటైతే అది పట్టించుకోదండి మేడమ్. వేళాకోళానికీ కోరికకీ తేడా దానికి తెలుసండి. మనమే నేర్పించాం కదండీ," అంది నీలవేణి.

మనమే నేర్పించాం. అప్పుడు కూర్చున్నాను.

తొమ్మిదేళ్ళ కిందటి సంగతి. ఇంటింటికీ ఒక కాగితం పంచారు. అయిదే ప్రశ్నలు. మంచాన పడితే మీకు ఎవరు చెయ్యాలి, గొట్టంతో తిండి పట్టవచ్చా, ఎన్నాళ్ళు, ఎక్కడ, మీరు మాట్లాడలేకపోతే మీ తరఫున ఎవరు మాట్లాడాలి. తెప్ప మీద ఆరువందల పన్నెండు మందిమి ఉన్నాం. ఏడుగురు రాసిచ్చారు. మిగతావాళ్ళందరం, శుభమా అని బతుకుతుంటే ఇదేం కాగితం అని తిట్టుకున్నాం. మా అక్క దాని మీద ఒడియాలు పెట్టింది. నేను కార్యాలయంలో ఉద్యోగం చేస్తూ కూడా నా కాగితం సొరుగులో అడుక్కి తోశాను. మంచాన పడితే అని నోటితో అంటే పైన తిరిగే దేవతలు తథాస్తు అంటారని, అన్నది అన్నట్టే జరుగుతుందని చిన్నప్పుడు అక్క నా నోరు నొక్కేది. ఆ భయం ఒంట్లో ఉండిపోయింది. ఒక్క నాకేనా, అందరికీ అంతే.

అప్పుడు కార్యాలయంవాళ్ళు కాగితం వద్దు, నోటిమాట చాలన్నారు. తుపాను కబుర్లు చెప్పడానికి ప్రతి వంటింట్లోనూ ఎలాగూ శ్రోత ఉంది. మీరు మామూలుగా మాట్లాడుకుంటూ ఉండండి, మీ కోరికలు అదే ఏరుకుంటుంది అన్నారు. మూడు రోజులు మైకులో చదివారు. అందరం తలూపాం. ఎవరూ ఏమీ అడగనక్కర్లేదు, ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. ఎంత హాయిగా అనిపించిందో నాకింకా గుర్తే. జనం దానికి తథాస్తు పెట్టె అని ముద్దుపేరు కూడా పెట్టారు.

అయితే దానికి మా తెలుగు రాదు. బియ్యం నిండుకున్నాయి అని ఆడవాళ్ళంటే, బస్తాలు నిండా ఉన్నాయనుకుని రెండు వారాలు మా తెప్పకి బియ్యం రానివ్వలేదు. దీపం కొండెక్కిందంటే ఏ కొండ అని అడిగింది. అందుకే నన్ను మాటల గదిలో వేశారు. మూడువందల నలభై మాటలకి అర్థాలు రాసిచ్చాను. పైవాళ్ళు మెచ్చుకుని శాలువా కప్పారు.

నీలవేణి రెండువందల ఏడో మాట తీసి చూపించింది. పైన అక్క మాటే ఉంది. కింద నా రాత.

"వక్త మనస్ఫూర్తిగా అనే మాట. వేళాకోళం కాదు. అర్థం: మంచాన పడ్డాక ఇతరుల సేవతో బతకడం ఇష్టం లేదు. వర్గం: కోరిక."

కింద నా సంతకం, తాయారు అని, చుట్టూ ఒక సున్నా చుట్టి. ఆ సున్నా చుట్టడం నాకో గొప్ప.

అబద్ధం రాశానా అంటే ఒక్క ముక్క అబద్ధం లేదు. వక్త మనస్ఫూర్తిగానే అంటుంది. ఇష్టం లేదనే అంటుంది. నిఘంటువులో పెట్టదగ్గ అర్థం. మా అక్క నోట్లో గంజి పోకుండా ఆపిన అర్థం. ఛీ, నా చదువు తగలెయ్య.

నీలవేణి ఒడ్డున ఉన్న డాక్టరుకి ఫోను కలిపింది. అంతా విని ఆయన, "గొట్టంతో తిండి పెడుతూ, కసరత్తు చేయిస్తే మూడు నెలల్లో లేచి కూర్చునే అవకాశం బాగానే ఉందమ్మా. ఇలా ఇంకో మూడు రోజులు గడిస్తే మాత్రం నేను చెయ్యగలిగిందేమీ ఉండదు," అన్నాడు.

"ఒడ్డుకి రోగుల పడవ కూడా ఆసరా పిలిస్తేనే వస్తుందండి. ఆవిడ నోటితో ఒక్కసారి, నాకు చెయ్యండి అంటే చాలండి. పాత కోరికలన్నీ కొట్టేస్తుంది. రేపు నేనే వస్తాను," అంది నీలవేణి.

ఫాల్గుణ శుద్ధ దశమి

పదిహేను లీటర్లు. అబ్బులు భార్య పట్టి పెట్టింది.

అక్క పెదాలు పగిలాయి. బట్ట తడిపి అద్దుతుంటే చప్పరిస్తోంది. ఆకలేస్తోందని చూస్తే తెలుస్తోంది. ఎనభై మందికి వండి వార్చిన చెయ్యి దుప్పటి అంచు పట్టుకుని పీకుతోంది.

పదింటికి నీలవేణి వచ్చి శ్రోత ముందు స్టూలు వేసుకుంది. నేను మంచం మీద అక్క పక్కన కూర్చున్నాను. ప్రశ్న సొంతవాళ్ళే అడగాలట.

"అక్కా, నీకు కాస్త బాగయ్యేదాకా..." అన్నాను.

"ప్రశ్న స్పష్టంగా లేదండి," అంది శ్రోత.

"అక్కా, నువ్వు లేచి తిరిగేదాకా ఈ ఆసరా నీకు..."

"ప్రశ్న స్పష్టంగా లేదండి."

నాకు ఒళ్ళు మండింది. దాని మీద కాదు, నా మీదే. రాయమంటే పేజీలు రాసే దాన్ని, ఒక్క మాట నోట్లోంచి రావడం లేదు. అక్కా చెల్లెళ్ళం అరవై ఏళ్ళు ఒకే కంచంలో తిన్నట్టు బతికాం. నీకేమన్నా అయితే నేను చెయ్యనా అని నేనెప్పుడూ అనలేదు. చేస్తావా అని ఆవిడెప్పుడూ అడగలేదు. అడక్కుండా ఉండటమే ప్రేమ అనుకున్నాం.

"అడగండి మేడమ్," అంది నీలవేణి మెల్లగా.

"అక్కా," అన్నాను. "నువ్వు మంచాన పడ్డావు. ఎప్పటికి లేస్తావో తెలీదు. నీకు గొట్టంతో తిండి పట్టాలి, ఒళ్ళు కడగాలి, పక్క ఎత్తాలి. ఆసరా చేస్తుంది, నేనూ చేస్తాను. చేయించుకుంటావా? బతకాలని ఉందా నీకు?"

అక్క నా కళ్ళలోకి చూసింది. ఎడం చెయ్యి చాచి నా పైట పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే పిన్ను ఊడి నా భుజానికి గీసుకుంది. పెదాలు కదిలాయి, మెడ నరాలు లేచాయి. మూడు రోజులుగా ఒక్క మాట రాని నోట్లోంచి, ముక్క తడబడకుండా, గంట కొట్టినట్టు వచ్చింది.

"కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే వెళ్ళిపోవాలి. ఒకరిచేత చేయించుకునే రాత రాయకూడదు భగవంతుడు."

అక్క ముఖం చూసి నేను బెదిరిపోయాను. ఆవిడే ఆవిడ నోటికి బెదిరిపోయింది. అది కాదు, అది కాదు అన్నట్టు తల అటూ ఇటూ కొట్టుకుంటోంది. మళ్ళీ నోరు తెరిచింది. మళ్ళీ అదే మాట. మూడోసారీ అదే. నా పైట మాత్రం వదల్లేదు.

"రెండు వేల మూడు వందల పంతొమ్మిది సార్లయిందండి. ధన్యవాదాలండి," అంది శ్రోత.

నీలవేణి లేచి నిలబడింది. "ఆవిడ చెయ్యి చూడు. చెయ్యి ఎలా పట్టుకున్నారో చూడు. అది లెక్కలోకి రాదా?"

"నోటిమాట చాలన్నారండి. చేతిమాట గురించి చెప్పలేదండి."

డాక్టరుకి ఫోను చేసి జరిగింది చెప్పాం. పక్షవాతంలో మాట పోయినా, అలవాటుగా అనే మాటలు ఒక్కోసారి మిగిలిపోతాయట. వేరే ఏదో చెప్పాలనుకున్నా నోటికి అవే వస్తాయట. అక్కకి భాష అంతా పోయింది. మిగిలింది ఆ ఒక్క వాక్యం.

ఫాల్గుణ శుద్ధ ఏకాదశి

నీళ్ళు చూడలేదు. అక్క పొద్దున్నించీ కళ్ళు సరిగా తెరవడం లేదు. పిలిస్తే పలకడానికి సమయం పడుతోంది.

కార్యాలయం తెరవకముందే వెళ్ళి గుమ్మంలో కూర్చున్నాను. నీలవేణి తాళం తీస్తూ నా వైపు చూడలేదు. ఆ పిల్ల రాత్రంతా ఏదో చదివిందని ముఖమే చెప్పింది.

"ఒక దారి ఉందండి. మాట అర్థాన్ని రాసినవాళ్ళే మార్చొచ్చండి. మీరు రెండువందల ఏడోది మారిస్తే, అది కోరిక కాదని రాస్తే, అక్కగారికి ఆ క్షణం నుంచే సేవ మొదలవుతుందండి."

"మరి నిన్న చెప్పలేదేం? ఇవ్వు ఇటు."

"మేడమ్, ఆగండి. అర్థం మారితే, ఆ మాట పట్టుకుని ఇంతవరకూ ఆపిన సేవలన్నీ పొరపాటు కింద వస్తాయండి. ఆ ఇళ్ళకి శ్రోత కబురు చెప్పి తీరాలండి. అది మనం ఆపలేం."

"ఏ ఇళ్ళకి?"

ఆ పిల్ల తాళంచెవి బల్ల మీద పెట్టింది.

"ఏ ఇళ్ళకి నీలవేణీ? ఇది మా అక్క ఒక్కదానికేగా జరిగింది?"

"తొమ్మిదేళ్ళలో పద్నాలుగు మందికండి."

నాకు వెంటనే అర్థం కాలేదు. పద్నాలుగు మంది మంచాన పడితే మరి వాళ్ళేరీ అని వెతుక్కున్నాను మనసులో. మా తెప్ప మీద మంచాన పడ్డవాళ్ళే లేరు కదా. అందరూ పుణ్యాత్ములే కదా, మూడో రోజో నాలుగో రోజో హాయిగా వెళ్ళిపోయారు కదా. అప్పుడు అర్థమైంది. పక్కనున్న గోడ పట్టుకున్నాను.

నీలవేణి తెర అటు తిప్పబోయింది.

"ఇటు తిప్పు," అన్నాను.

మాణిక్యమ్మగారి పేరు అన్నిటికంటే పైన ఉంది. కింద పడవల మేస్త్రి, ఆ కింద బడి పంతులమ్మగారు, అలా దిగుతూ పోతే పదో పేరు మా ఆయనది. పేర్రాజు, డెబ్భై రెండు. చెప్పిన సార్లు, నాలుగు వందల ముప్ఫై ఒకటి. తుంటి ఎముక. తిండి: కోరిక ప్రకారం లేదు. కసరత్తు: కోరిక ప్రకారం లేదు. ఒడ్డుకి తరలింపు: కోరిక ప్రకారం లేదు.

తుంటి ఎముక. ఒడ్డున పలక వేసి బిగిస్తే కర్ర పట్టుకుని తిరిగేవాడు. ఆయన పన్నెండో రోజున వచ్చినవాళ్ళందరితో నేను ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. అదృష్టవంతుడండీ, నాచేత కూడా చేయించుకోలేదు అన్నాను. కాస్త గొప్పగానే అన్నాను. నాకు ఏడుపు రాలేదు.

"వాళ్ళంతా ఇన్నాళ్ళూ మావాళ్ళు సుఖంగా పోయారని చెప్పుకుంటున్నారండి. అబ్బులుగారు మొన్ననే తెప్పంతటికీ భోజనాలు పెట్టారు. ఇప్పుడీ కబురు వింటే... మీ పేరు కూడా చెప్తుందండి, అర్థం రాసింది ఎవరో. మీ ఇష్టం మేడమ్. నేనేమీ అనను."

ఒక్క నిమిషం, అక్కని వదిలేద్దామా అనిపించింది. డెబ్భై నాలుగేళ్ళొచ్చాయి, ఇంకెన్నాళ్ళు బతుకుతుంది, పద్నాలుగు ఇళ్ళ నిద్ర ఎందుకు చెడగొట్టాలి అనిపించింది. ఆ మాటల అడుగున ఉన్నది వేరు. అబ్బులు నా ముఖం మీద ఉమ్ముతాడన్న భయం. ఈ పుస్తకంలో అబద్ధం రాయను కాబట్టి రాస్తున్నాను. అనిపించింది.

తరవాత నా భుజం మంటపెట్టింది, నిన్న పిన్ను గీసుకున్న చోట. కలం తీసుకున్నాను. పాత అర్థం కొట్టేసి ఇలా రాశాను.

"ఇది కోరిక కాదు. రేపు నాకు ఎవరు చేస్తారని ఇంట్లోవాళ్ళని అడగడానికి నోరు రాక అనే మాట. దీన్ని విన్నవాళ్ళు జవాబు చెప్పాలి. వర్గం: ప్రశ్న."

సంతకం పెట్టాను. సున్నా చుట్టలేదు.

నేను ఇంటికి వచ్చేసరికి ఆసరా అక్క పక్క మారుస్తోంది. గొట్టం అప్పటికే పెట్టింది. నేను మంచం పక్కన నేల మీద కూర్చుని, గంజి చుక్క చుక్కా దిగుతుంటే చూస్తూ ఉండిపోయాను.

ఫాల్గుణ శుద్ధ ద్వాదశి

పదిహేడు లీటర్లు. పోటు సాయంత్రం ఏడింటికి. అక్క ఒళ్ళు నేనూ ఆసరా కలిసి కడిగాం. నడుం దగ్గర చిన్న పుండు పడింది, మందు రాశాం. నేను తాకినప్పుడు సిగ్గుతో కళ్ళు మూసుకుంది. తరవాత తెరిచింది.

కబురు మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చింది, భోజనాల వేళ. అన్ని వంటిళ్ళలోనూ ఒకేసారి. మా శ్రోత నాకూ చెప్పింది. పేర్రాజుగారి మాటని కోరికగా తీసుకోవడం పొరపాటండి, ఆ అర్థం రాసినవారు తాయారుగారండి అంది. నేనే తాయారునని దానికి తెలుసు. అయినా చెప్పాలి కాబట్టి చెప్పింది. ఆ తరవాత బతికున్నవాళ్ళందరినీ వరసగా అడగడం మొదలుపెట్టింది. మీ కోరిక ఏదీ నమోదు కాలేదండి, మంచాన పడితే మీకు ఎవరు చెయ్యాలండి అని. పలకల గోడలు కదా, ఇటు నాలుగిళ్ళు అటు నాలుగిళ్ళు అదే ప్రశ్న వినిపించింది. జవాబు ఒక్క ఇంట్లోంచి కూడా వినపడలేదు. కంచాల చప్పుడు కూడా ఆగిపోయింది.

నన్ను అడిగినప్పుడు నేను చెప్పాను. నాకు చేసేవాళ్ళు ఎవరూ లేరు, ఆసరా చెయ్యాలి, గొట్టం పెట్టవచ్చు, నాకు బతకాలని ఉంది అన్నాను. ఆకాశం ఏమీ ఊడిపడలేదు.

ఒంటిగంటకి అబ్బులు వచ్చాడు. ఎప్పుడూ గోడ దూకి వచ్చేవాడు, ఇవాళ వీధి గుమ్మంలోంచి వచ్చాడు. లోపలికి రాలేదు. చేతికి ఇంకా అన్నం మెతుకులున్నాయి, కడుక్కోకుండా లేచొచ్చినట్టున్నాడు. తిడతాడని సిద్ధపడి నిలబడ్డాను. తిట్టినా బాగుండేది. యాభై ఏళ్ళ మనిషి, మంచం కేసి చూస్తూ నిలబడిపోయాడు. ఆసరా గొట్టంలోకి మధ్యాహ్నపు గంజి వంపుతోంది. అక్క గొంతు కదులుతోంది.

"పిన్నిగారూ, ఒక్క మాట అడుగుతానండి."

"అడుగు నాయనా."

"మా అమ్మ ఆ నాలుగు రోజులూ ఆకలితో ఉందాండి?"

మా ఆయన గురించి ఆ మాట నేను ఎవరినీ అడగలేదు. నిన్న ఆ పేర్లన్నీ చూశాక కూడా అడగలేదు.

"ఉంది నాయనా," అన్నాను.